లచ్చక్క చేతికి జపాన్ కత్తి

ఖమ్మం బస్టాండులో ఇల్లెందు మీదుగా కొత్తగూడెం పోయే బస్సు పొద్దున ఐదు నలభైకి కదలాలి. ఐదు నలభై ఆరుకు కదిలింది. ఆరు నిమిషాలకే ఇంత గోలా అని మీరనుకోవచ్చు. ఇరవై తొమ్మిదేళ్లు కండక్టరుగా బతికినవాడికి ఆరు నిమిషాలంటే ఆరు నిమిషాలే. రిటైరై మూడేళ్లు దాటినా, బస్సు లేటయితే నా తప్పే అన్నట్టు ఇప్పటికీ చెమటలు పడతాయి. నాలుగో వరుసలో కిటికీ పక్కన కూర్చుని చేతిసంచి ఒళ్లో పెట్టుకున్నాను. సంచిలో మూడు కత్తులున్నాయి.

భయపడకండి. కూరగాయలు తరిగే కత్తులే. మూడూ జపాన్‌వి.

సంగతేమిటంటే, పినపాక దాటాక ఒక క్రాస్ రోడ్డు దగ్గర లచ్చక్క అని ఒకామె చిన్న భోజనం హోటలు నడుపుతుంది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, ముందు ఒక అరుగు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆరేళ్లపాటు ఆ రూటులో నైట్ హాల్ట్ డ్యూటీ చేశాను. అంటే సాయంత్రం ఆఖరి బస్సు తీసుకెళ్లి ఆ క్రాస్ రోడ్డు దగ్గరే ఆపి, బస్సులోనే పడుకుని, తెల్లవారి అదే బస్సుతో వెనక్కి రావడం. ఆ ఆరేళ్లూ నాకూ డ్రైవర్ యాదగిరి అన్నకూ అన్నం పెట్టింది లచ్చక్కే. చుట్టం కాదు, ఊరు కాదు. తమ్మీ అని పిలిచేది, అంతే.

మొన్న వానాకాలంలో లచ్చక్క బోరింగు దగ్గర జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పారు కానీ చేతిలో పట్టు రాలేదు. మూడు వారాల కిందట ఆమె కూతురు సుజాత ఫోన్ చేసింది. "మామా, అమ్మ హోటలు బంద్ చేస్తనంటున్నది. మోకాళ్లు వంగవు, కత్తిపీట ముందట కూసునుడు అయితలేదు. చెయ్యేమో గట్టిగ పట్టదు. నేను అంగన్‌వాడీ పనికి పోవాలె, రోజూ నేను కోసిపెట్టుడు నడుస్తలేదు. వచ్చే అమాసకు పొయ్యి ఆర్పేస్తదట" అంది. ఆ పొయ్యి నాకు తెలిసి ఎన్నడూ ఆరలేదు. నాకు మనసు మనసులో లేదు.

చేతిలో బలం లేకపోతే కత్తిలో బరువు ఉండకూడదు, ఇదీ నా లెక్క. నేను ఒంటరివాణ్ని, నా వంట నేనే చేసుకుంటాను, కాబట్టి కత్తుల సంగతి కొద్దోగొప్పో తెలుసు. మూడు వారాలు ఫోన్లో వీడియోలు చూశాను. అన్నింటిలోనూ జపాన్ కత్తే తేలికన్నారు. పలుచటి రేకు, చిన్న పిడి, నొక్కకుండానే దిగే పదును. రెండు ఫోన్లోనే తెప్పించాను. ఒకటి అరచేయంత వెడల్పుంది. ఇంకొకటి నా వేళ్ల కంటే కాస్త పొడుగు, సన్నగా, చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉంది. మూడోది హైదరాబాదులో పెద్ద దుకాణంలో కొన్నాను. తెల్లటి కర్ర పిడి, ఒక పక్కే నూరిన పదును, ధర ఆ రెండింటికి కలిపి పెట్టినంత. బిల్లు కట్టేటప్పుడు దుకాణం అతను "కుడిచేతి వాటానికేనా సార్?" అని అడిగాడు. "మన దగ్గర ఎడమచేత్తో వంట చేసేవాళ్లెవరయ్యా?" అని నవ్వేశాను. అతనూ నవ్వి కట్టి ఇచ్చాడు.

బయల్దేరే ముందు రోజు మా వీధి చివర బంగారం కొట్టులో మూడింటినీ తూయించాను. వెడల్పుది నూట నలభై గ్రాములు, కర్రపిడిది తొంభై ఐదు, చిన్నది అరవై రెండు. షాపాయన "ఇవేం నగలండీ?" అని ఎకసెక్కెం చేశాడు.

చెప్పొచ్చేదేమిటంటే, కొత్తగూడేనికి జూలూరుపాడు మీదుగా దగ్గర. తొందరున్నవాళ్లు ఆ బస్సే ఎక్కండి. నేను ఇల్లెందు మీదుగా పోయింది నా పాత రూటు కాబట్టి. ప్రతి స్టేజీ నోటికొచ్చు. ఏ మలుపులో బస్సు ఎంత ఒరుగుతుందో నడుముకు గుర్తుంది. అప్పట్లో మెడకు సంచి, చేతిలో టికెట్ల ట్రే, చిల్లు కొట్టే మిషను. జనంలో ఈదుకుంటూ వెనకనించి ముందుకు వచ్చేసరికి రెండు ఊళ్లు దాటేవి. ఇప్పుడు కండక్టరమ్మ చేతిలో టికెట్ మిషను టకటకలాడుతోంది. ఆడవాళ్లకు సున్నా టికెట్టు కావడంతో బస్సులో ముప్పాతిక మంది వాళ్లే. నాకు మాత్రం టికెట్టు కొట్టింది. ఆ కాగితం ముట్టుకుంటే ఎందుకో చిన్నతనంగా అనిపించింది. అన్నేళ్లు ఇచ్చినవాణ్ని, తీసుకోవడం ఇంకా అలవాటు కాలేదు.

ఏడు గంటలకు ఇల్లెందు. అక్కడినుంచి రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు మొదలవుతాయి. చలికాలం పొద్దు, ఆకుల మీదనుంచి నీళ్లు కారుతున్నాయి. పక్క వరుసలో యాభై ఏళ్ల ఆవిడ కూర్చుంది. ఊరు వేంసూరు అట, ఖమ్మంలో కూతురి దగ్గరికి వచ్చి, అటునుంచి భద్రాచలంలో మొక్కు తీర్చుకోవడానికి పోతోంది. కోస్తా వైపు మాట. నా సంచివైపు చూసి "ఏవిటండీ అంత భద్రంగా పట్టుకున్నారు, దేవుడి సామానా?" అని అడిగింది.

"కత్తులమ్మా" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కాళ్లు వెనక్కి లాక్కుంది. లచ్చక్క సంగతంతా చెప్పాక "అయ్యో పాపం" అని ముందుకు వంగి "చూపించండి మరి" అంది.

టేకులపల్లిలో ఏడు నలభైకి బస్సు ఛాయ్ కోసం పది నిమిషాలు ఆగింది. నడిచే బస్సులో కత్తి బయటికి తియ్యడం నా నియమాలకు విరుద్ధం కాబట్టి కిందికి దిగి ఛాయ్ బల్ల మీద గుడ్డ పరిచి మూడింటినీ పెట్టాను. వేంసూరు ఆవిడకు చిన్నకత్తి అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. "చేతికివ్వకండి బాబుగారూ, కింద పెట్టండి. కత్తి చేతికిస్తే తగువులొస్తాయి" అంది. మా అమ్మా అదే అనేది. బల్ల మీద పెట్టాను, తీసుకుంది.

పక్కనే ఇద్దరు ఆడవాళ్లు వంకాయలు, బెండకాయల గంపలతో కొత్తగూడెం బజారుకు పోయే బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుంటూ మా కత్తులవైపే చూస్తున్నారు. పెద్దామెను పిలిచి, అమ్మా, నీకు ఏది నచ్చుతుందో కోసి చెప్పు అన్నాను. ఆమె గంపలోంచి బెండకాయ తీసి, అలవాటు ప్రకారం ఎడమ అరచేతిలో పట్టుకుని, కుడిచేత్తో వెడల్పు కత్తిని బొటనవేలి వైపుకు లాగింది. రెండు ముక్కలు కోసి ఆపేసింది.

"గిది చేతుల వట్టి కోసేది గాదు సార్. కింద పలక ఉండాలె. నా ఏలు తెగుతది" అంది.

నాకు బుర్ర తిరిగింది. మూడు వారాల వీడియోల్లో ఒక్కడంటే ఒక్కడు కూడా గిన్నె మీద చెయ్యి పెట్టి గాలిలో కొయ్యలేదు. అందరూ పలక మీదే టకటకలాడించారు. మన ఆడవాళ్లు నూటికి తొంభై మంది పలక ముట్టరు. కత్తిపీటైతే కాయే కత్తి దగ్గరికి పోతుంది, కత్తైతే అరచేయే పలక. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లు వంట చేసుకున్న నాకు తట్టలేదు. ఆమె తర్వాత కర్రపిడిది పట్టుకుంది. "ఇగో, గిది నీళ్లల్ల దిగినట్టు దిగుతున్నది" అని ఐదారు బెండకాయలు కోసేసింది. చిన్నది చేతిలో ఎగరేసి చూసి "అల్కగున్నది గని, గింత చాకుతోని హోటలేం నడుస్తది?" అని నవ్వింది. కోసిన బెండకాయలూ, కొయ్యనివి ఇంకో గుప్పెడూ నాకే కట్టబెట్టి ఇరవై రూపాయలు తీసుకుంది. బేరం కూడా తెలిసిన మనిషే.

అప్పటికి నా మనసులో ఖాయమైపోయింది. కర్రపిడిదే లచ్చక్కకు.

ఎనిమిదీ ఇరవైకి కొత్తగూడెం. బస్టాండు బయట బండి దగ్గర ఇడ్లీ, నలభై రూపాయలు, అల్లం చట్నీ బాగుంది. వేంసూరు ఆవిడ భద్రాచలం బస్సెక్కుతూ "మీ అక్కగారి చెయ్యి కోసం రాములవారికి ఒక దణ్ణం ఎక్కువ పెడతానండీ" అంది. నేను ఎనిమిది యాభైకి మణుగూరు బస్సెక్కాను. పాల్వంచ పొగగొట్టాలు దాటి, పది గంటలకు సారపాక మలుపు దగ్గర బస్సు భద్రాచలం వంతెన వైపు పోకుండా ఎడమకు తిరిగింది. గోదావరి మీదనుంచి గాలి వచ్చింది. యాదగిరి అన్న ఇక్కడ స్టీరింగు మీదనుంచి ఒక చెయ్యి తీసి దణ్ణం పెట్టుకునేవాడు. ఒక్క చేత్తో పెట్టే దణ్ణం దేవుడికి అందుతుందా అని నేను ఏడిపించేవాణ్ని. "రెండు చేతులు తీస్తే మనమే దేవుని దగ్గరికి పోతం" అనేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ మలుపులో నేను రెండు చేతులూ జోడించాను, ఆయనకూ కలిపి.

మణుగూరులో పదకొండుకు దిగి, పదకొండున్నరకు ఆర్డినరీ బస్సు పట్టుకున్నాను. రాత్రి ఉండదలిస్తే మణుగూరులో లాడ్జీలున్నాయి, ఆపైన ఏమీ ఉండవు. మిరప తోటలు, పత్తి చేలు, మధ్యమధ్య అడవి. మా రోజుల్లో ఎండాకాలం వస్తే ఈ బస్సు టాపు మీద తునికాకు కట్టలు, లోపల విప్పపువ్వు వాసన. పొద్దున తొలి ట్రిప్పుకు లచ్చక్క వేడినీళ్లు తెచ్చి బస్సు మెట్టు మీద పెట్టేది. ఆ నీళ్లతో మొహం కడుక్కుంటుంటే పొగమంచులోనుంచి ప్యాసింజర్లు ఒక్కొక్కరే వచ్చేవాళ్లు. జీతం తక్కువ, దోమలు ఎక్కువ. అయినా మళ్లీ ఎవరన్నా ఆ డ్యూటీ వేస్తే రేపే పోతాను.

పన్నెండుంబావుకు క్రాస్ రోడ్డు. రేకుల కప్పు అదే. అరుగు అదే. బల్లలు నాలుగింట్లో రెండే మిగిలాయి. లచ్చక్క గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు మొత్తం నెరిసింది, కుడిచెయ్యి కడుపుకు ఆనించి పట్టుకుంది.

"ఏంది కండక్టర్ తమ్మీ, ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా? బస్సు టైముకు వచ్చింది గని నువ్వే లేటు" అంది.

మాటలో పదును తగ్గలేదు. కడుపు నిండినట్టయింది నాకు.

ఆ రోజు కూర ఒక్కటే, పప్పుచారు. సుజాత పొద్దున్నే కోసి పెట్టిపోయింది. తొమ్మిదిమంది తిన్నారు. వెనకటికి మూడు కూరలుండేవి, మధ్యాహ్నం బల్లల మీద చోటు దొరికేది కాదు. చివరి మనిషి చెయ్యి కడుక్కుని పోయేసరికి రెండయింది. అప్పుడు కత్తులు తీసి, అరుగు మీద గుడ్డ పరిచి పెట్టాను. నాకు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంది.

"గింత దూరం నుంచి కత్తులు తెచ్చినవా? పిచ్చోడా" అంది లచ్చక్క. కానీ కూర్చుంది. మోకాళ్లు వంగవు కాబట్టి బల్ల మీదే, ఒళ్లో గిన్నె పెట్టుకుని. వెడల్పుదాన్ని చూసి "గిదేంది, తాపీనా?" అని పక్కకు తోసింది. కర్రపిడిది కుడిచేత్తో తీసుకుంది. ఉల్లిగడ్డ ఒక ముక్క తెగింది. రెండో ముక్క తెగింది. మూడోదానికి వేళ్లు విడిపోయాయి, కత్తి జారి గిన్నెలో పడింది. చిన్నది పట్టుకుంది. అదీ అంతే. అరవై రెండు గ్రాముల కత్తిని కూడా ఆ చెయ్యి మొయ్యలేకపోయింది.

"చూసినవు గదా. కత్తిల ఏం లేదు తమ్మీ, చెయ్యిల లేదు. ఇగ చాలు. అమాసకు పొయ్యి ఆర్పుడే" అంది. నేను రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాను. మూడు వారాలు గ్రాములు లెక్కపెట్టాను గానీ, ఆ చెయ్యి అసలు కత్తినే పట్టలేదేమో అన్న ఆలోచన రానివ్వలేదు.

కాసేపటికి పక్కనుంచి చప్పుడు వినిపించింది. తిరిగి చూశాను. సగంలో ఆగిన ఉల్లిగడ్డను వృథా చెయ్యడం ఇష్టంలేక కాబోలు, లచ్చక్క దాన్ని కుడి అరచేతిలో పెట్టుకుని, కర్రపిడి కత్తి ఎడమచేత్తో తీసుకుని కోస్తోంది. కుడిచెయ్యి కాయను పట్టుకోవడం వరకు బాగానే చేస్తోంది. కానీ కత్తి పక్కకు పోతోంది. ముక్క ఒకవైపు లావు, ఒకవైపు సన్నం.

"గిది పక్కకు గుంజుతున్నది" అని విసుక్కుంది.

గుంజదా మరి! ఒక పక్కే నూరిన కత్తి అది, కుడిచేతి వాళ్ల కోసం చేసింది. దుకాణంలో అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది. చిన్నకత్తిని గుడ్డ మీద ఆమె ఎడమవైపుకు జరిపాను. అది రెండు పక్కలా నూరింది. లచ్చక్క తీసుకుంది. ఇక చూడాలి. ఉల్లిగడ్డ అయిపోయింది. నేను తెచ్చిన బెండకాయల్లో కొయ్యనివి అయిపోయాయి. చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి అలా ఉండదు.

"అక్కా! నీది ఎడమచేతి వాటమా?"

ఆమె ఆగిపోయింది. కత్తి గిన్నెలో పెట్టి చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నీకు యాదిలేదా?" అంది.

"ఏది?"

"నువ్వు యాదగిరి అన్నతోని వచ్చిన మొదటి ఎండకాలం. నేను గీ అరుగు మీదనే కూసొని, చిన్న చాకుతోని సొరకాయ కోస్తున్న, ఎడమ చేత్తోనే. బస్సు నిండ జనం దిగిండ్రు. నువ్వేమో అందరు వినంగ, ఏందక్కా, ఎడమచేత్తోని కోస్తున్నవ్, అన్నం గూడ గదే చేత్తోని పెడ్తవా అన్నవు. అందరు నవ్విండ్రు. ఇద్దరు పెద్దమనుషులు విస్తరి ముందట కెల్లి లేచి పోయిండ్రు. మల్ల వారం మణుగూరు సంతల కత్తిపీట తెచ్చుకున్న. దానికైతే కుడేంది, ఎడమేంది? రెండు చేతులు వడతయి. ఎవ్వలకు తెల్వదు. గప్పటి సంది చాకు ముట్టలే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒట్టు, నాకు గుర్తులేదు. అలాంటి మాటలు రోజుకు పది అనేవాణ్ని. బస్సులో జనాన్ని నవ్విస్తే తోపులాట తగ్గుతుందని, టికెట్లు త్వరగా తెగుతాయని. కండక్టర్ మంచి హుషారు మనిషి అని పేరుండేది నాకు. ఆ మాట అన్నది నేనే అని చెప్పడానికి సాక్షి అక్కర్లేదు, అది నా మాటే. ఇరవై రెండేళ్లు ఆమె ఆ మాటను కత్తిపీట కింద దాచుకుని నాకు అన్నం పెట్టింది. ఆరేళ్లలో ఒక్క రోజు కూడా మొహం మాడ్చుకోలేదు.

"తప్పయింది అక్కా" అన్నాను.

"గదంత పోయింది తీయ్. నీకు జూపెట్టిన గని, జనం ముందట కొయ్య. సుజాత గూడ అంటది, ఎడమచేత్తోని కొయ్యమ్మా ఏమైతది అని. దానికేం ఎరుక? మా అత్త నా చెయ్యి మీద వాత పెట్టింది దీని గురించి. జనం లేచి పోతే నేను మల్ల చూడలేను తమ్మీ. అంతకంటె బంద్ చేసుడే నయం."

నాలుగూ ఐదుకు బస్సు వచ్చింది. ఇదే బస్సు నాలుగూ నలభై ఐదుకు వెనక్కి మణుగూరు పోతుంది. డ్రైవరు, కండక్టరు, పదిమంది ప్యాసింజర్లు ఛాయ్ కోసం దిగారు. ఊళ్లోనుంచి ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. రోజూ పొద్దుగూకే ముందు ఇక్కడే తింటాడట. లచ్చక్క లోపలికి పోయింది.

నేను లేచి అరుగెక్కి నిలబడ్డాను. వయసు పోయింది గానీ, రైట్ రైట్ అని అరిచిన గొంతు ఇంకా ఉంది. "అందరు జెర వినుండ్రి. ఇరవై రెండేండ్ల కింద నేను గీ రూటుల కండక్టర్‌ని. గీ అరుగు దగ్గరనే లచ్చక్కను ఒక మాటన్న" అని మొదలుపెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చెయ్యి విరిగిన సంగతి, అమావాస్య సంగతి, మూడు కత్తుల సంగతి, కుడిచేతి కత్తికి డబ్బులు పోసిన నా తెలివి సంగతి. అక్కడ జనం నవ్వారు. ఈసారి నన్ను చూసి. నాకు నవ్వు రాలేదు. "ఆమె ఎడమచేత్తోనే కోస్తది. గా కూర నేను తినే పోత" అని ముగించాను.

డ్రైవరు ఛాయ్ గ్లాసు ఊదుకుంటున్నాడు. లోపల గిన్నె చప్పుడైంది. లచ్చక్క బయటికి వచ్చింది. కుడి చంకలో సొరకాయ, ఎడమచేతిలో చిన్నకత్తి. బల్ల మీద అందరికీ ఎదురుగా కూర్చుని కొయ్యడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు.

ముసలాయన మెడ సాచి చూశాడు. "ఏందే లచ్చవ్వా, ఎడమచేత్తోనా?"

"అవ్, ఎడమచెయ్యే. గీ చెయ్యి కొయ్యకుంటె పొయ్యి ఆరుతది. తింటె కూసో, లేకుంటె ఇంటికి పోయి వండుకో."

ముసలాయన కర్ర నేల మీద రెండుసార్లు పొడిచాడు. లేస్తాడేమో అనుకున్నాను. "వండుకునుడు వస్తె నీ దగ్గరికెందుకు వస్త? జెర కారమెయ్యి, మొన్న చప్పగున్నది" అన్నాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారని చెప్పను. తెల్ల చొక్కా మనిషి ఒకడు సగం తాగిన ఛాయ్ బల్ల మీద పెట్టి బస్సువైపు నడిచాడు. లచ్చక్క చూసింది. చెయ్యి ఆగింది. నేను నోరు తెరవబోయాను. కానీ ఆమె మళ్లీ సొరకాయ వైపు తిరిగి, మిగతాది కోసి, గిన్నె పట్టుకుని లేచింది. "కారం ఎక్కువైతె మల్ల నన్ననొద్దు" అని ముసలాయనతో అంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

నాలుగూ నలభైకి కండక్టరు విజిల్ వేశాడు. కూర అప్పుడే దిగింది, తినే వ్యవధి లేదు. వెడల్పు కత్తి సుజాతకు వదిలాను, వాళ్లింట్లో గట్టు మీద పలక ఉందట. కర్రపిడిది నా సంచిలోనే ఉంది. నా కుడిచేతికి అది సరిగ్గా సరిపోతుంది, అలాంటి చెయ్యే నాది. చిన్నకత్తిని తడి మీద వదలొద్దని, ఎముకల మీదా మామిడి టెంక మీదా వాడొద్దని చెప్పాను. "నాకు నేర్పుతున్నవా?" అంది. లచ్చక్క స్టీలు డబ్బాలో అన్నం, కూర సర్ది కిటికీ దగ్గరికి తెచ్చింది. కుడిచెయ్యి డబ్బా మొయ్యలేదు. ఎడమచేత్తో పైకెత్తి, ఒక్క క్షణం తటపటాయించింది. నేను రెండు చేతులూ బయటికి చాచి తీసుకున్నాను.

ఐదున్నరకు మణుగూరు, ఏడూ ఇరవైకి కొత్తగూడెం. ఖమ్మం బస్సుకు ఇరవై నిమిషాలుంది. మీలో ఎవరన్నా ఇలాంటి కత్తి కోసం బయల్దేరితే గ్రాములు చూడండి, పదును చూడండి, మంచిదే. కానీ ఆ కత్తి పట్టబోయే మనిషి ఎలా కోస్తుందో ముందు పక్కన కూర్చుని చూడండి. నేను ఆరేళ్లు పక్కనే ఉండి చూడలేదు.

బస్టాండు బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీశాను. సొరకాయ కూర ఇంకా గోరువెచ్చగా ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఒక ప్రశ్న వచ్చింది. ఆ రోజు, ఆ మాట అన్నాక, ఇద్దరు లేచిపోయారని లచ్చక్క చెప్పింది. మరి నేను? నేను కూర్చుని తిన్నానా? లేక నవ్వుకుంటూ వాళ్ల వెనకే లేచానా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆమెకు మాత్రం తప్పకుండా గుర్తుండి ఉంటుంది. ఫోన్ తీసి ఆమె నంబరు దాకా వెళ్లి, నొక్కలేక జేబులో పెట్టేసుకున్నాను. మెతుకు మిగల్చకుండా తిని, డబ్బా కడుక్కుని, ఖమ్మం బస్సెక్కాను.